తప్పు జవాబు దగ్గర తెలిసే తత్వం

(ప్రాథమిక పాఠశాల టీచర్ల శిక్షణ కోర్సు డి.ఎల్.ఎడ్. రెండో సంవత్సరం విద్యార్థుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

ఛాత్రోపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఇంటర్న్‌షిప్ రికార్డులో 'నా విద్యాతత్వం' అని ఒక పేజీ రాయమంటారు. అది ఎలా మొదలవుతుందో మీకూ తెలుసు. టాగూరు మాట ఒకటి, గాంధీజీ మాట ఒకటి, అమెరికా విద్యాతత్వవేత్త డ్యూయీ మాట ఒకటి, ఆ పైన 'సర్వతోముఖాభివృద్ధి'. చాలా పేజీలు సీనియర్ల రికార్డుల్లోంచి అక్షరదోషాలతో సహా దిగుతుంటాయి.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి తిరగేసి, అంటే దానికి వ్యతిరేకంగా రాసి చూడండి. 'పిల్లలందరినీ ప్రేమగా చూస్తాను' అని రాశారనుకుందాం. ప్రేమగా చూడనని రాసే టీచరు ఎక్కడా ఉండరు. అందుకే ఆ వాక్యం మీ గురించి ఏమీ చెప్పదు. 'బెత్తం పట్టను' అన్నదీ అంతే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ ఎప్పుడో నిషేధించింది. 'జవాబు తప్పయితే, దిద్దేముందు ఎలా చేశావో చెప్పమంటాను' అని రాయండి. దీన్ని ఒప్పుకోని టీచర్లు బోలెడు మంది. అలా కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది అంటారు. అలా ఎవరైనా కాదనగలిగే మాటలే ఆ పేజీలో ఉండాలి.

మూడో తరగతి లెక్క ఒకటి చూద్దాం. 52 లోంచి 27 తీసేయమంటే పాప 35 అని రాసింది. 'అజాగ్రత్త' అని ఎర్ర ఇంకుతో కొట్టేసి 25 వేస్తే మీ పని అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ పాప చాలా జాగ్రత్తగానే చేసింది. ఏ నిలువు వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నది ఆమె సూత్రం. 7 లోంచి 2 తీస్తే 5, 5 లోంచి 2 తీస్తే 3. అనుమానం తీరాలంటే 61 లోంచి 38 తీసేయమనండి. 37 వచ్చిందంటే సూత్రం అదే. 23కి బదులు ఇంకేదో వస్తే కారణం వేరే వెతకాలి.

ఇక్కడ చీపురు పుల్లలు పనికొస్తాయి. పది పది చొప్పున అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. కట్టలు పాపతోనే కట్టించండి. మీరు కట్టి తెస్తే కట్టలో పది ఉన్నాయన్నది ఆమెకు మీ మాటే తప్ప, తన లెక్క కాదు. ఏడు పుల్లలు ఇమ్మంటే రెండే ఉన్నాయి కనుక ఆమే ఒక కట్ట విప్పుతుంది. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు అవుతాయి. ఆ విప్పిన క్షణంలోనే నల్లబల్ల మీద 5 కొట్టేసి 4, 2 పైన 12 వేయాలి. పుల్లలతో ఒకరోజు, అంకెలతో ఇంకోరోజు చేయిస్తే రెండూ వేర్వేరు పాఠాలైపోతాయి. బోధనోపకరణాల మార్కులన్నీ పుల్లలకు పడి, పాప మాత్రం 35 దగ్గరే ఉండిపోతుంది. 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో' అన్న మాట కూడా మానేస్తే మంచిది. ఒకటి తెస్తే పది ఎలా అయిందో ఆ మాట చెప్పదు. పైగా ఆ అప్పు ఎవరూ తీర్చరు!

ఎలా చేశావని అడిగాక ఆగడం కూడా రావాలి. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మించి ఆగరని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పే పిల్లలూ పెరిగారు. మనసులో మూడు లెక్కపెట్టండి. ముందు ప్రశ్న, తర్వాత మౌనం, ఆఖర్న పేరు. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు.

భాషలోనూ ఇదే చూపు కావాలి. 'వొకటి', 'యెండ' అని రాసిన పిల్లవాడు చెవికి వినబడింది నిజాయితీగా రాశాడు. అది అక్షరాలు రాకపోవడం కాదు. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లల దగ్గర ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే సవర నేర్చుకున్నారు. కనీసం 'అమ్మ, నీళ్లు, ఆకలి, నొప్పి' అనే మాటలు పిల్లల భాషలో ఏమంటారో మొదటి వారంలోనే రాసి పెట్టుకోండి.

చాలామంది పేజీల్లో బహుళ తరగతి బోధన, అంటే ఒకే టీచరు ఒకేసారి రెండు మూడు తరగతులకు చెప్పడం, ఊసే ఉండదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో అయిదు. మూడు తరగతులు మీ ముందు కూర్చుంటే 45 నిమిషాల పీరియడులో ఒక్కో తరగతికి దక్కేది 15 నిమిషాలు. మిగతా 30 నిమిషాలు ఆ పిల్లలు ఏం చేస్తారు? ఎక్కాలు కాపీ చేస్తారా, జంటలుగా ఒకరి పలక ఒకరు చూసుకుంటారా? మీ పేజీలో ఈ 30 నిమిషాలకు ఒక పేరా ఇవ్వండి.

పేజీ కింద తేదీ వేయండి. తొలి పోస్టింగులో మొదటి మూడు నెలలూ రోజుకు ఒక తప్పు జవాబు నోటుబుక్కులో ఎక్కించి, ఆ తర్వాత పేజీ తిరగరాయండి.

ఇప్పుడు పని. బోర్డు మీద మూడు జవాబులున్నాయి: 27 + 15 = 312; నూట నాలుగు = 1004; 1/2 + 1/3 = 2/5. మూడింటి వెనకా ఒక్కో సూత్రం ఉంది. పక్కవాళ్లతో కలిసి పది నిమిషాల్లో ఆ సూత్రమేంటో, దాన్ని ఖాయం చేసుకోవడానికి పిల్లవాడికి ఇవ్వాల్సిన రెండో లెక్కేంటో రాయండి. సరైన జవాబు మాత్రం రాయొద్దు.