పతకం అంచు నుంచి బ్యాటరీ దాకా

అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలను బట్టి ఒక సైనికుడు ఏ బ్యాటరీలో, అంటే ఏ ఫిరంగుల జట్టులో పనిచేశాడో ఎలా కనుక్కోవాలో చూద్దాం. 1915లో ఫ్రాన్స్ వెళ్లిన బ్రిటిష్ ఫిరంగి దళ సైనికుడికి మామూలుగా మూడు పతకాలు ఉంటాయి: 1914-15 స్టార్, వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్. ఇవి శౌర్య పతకాలు కావు, యుద్ధరంగానికి వెళ్లిన ప్రతివాడికీ ఇచ్చినవి. అందుకే ముందువైపు బొమ్మకన్నా పేరు కొట్టిన చోటే మనకు ముఖ్యం. స్టార్‌కి అది వెనకవైపు ఉంటుంది, మిగతా రెండింటికీ అంచు మీద.

భూతద్దంతో చూడండి. స్టార్ మీద ‘డ్రైవర్, ఆర్.ఎఫ్.ఎ.’ (రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీ) అనీ, వెండి పతకం మీద ‘బొంబార్డియర్ (డ్రైవర్‌కన్నా పై హోదా), ఆర్.ఎ.’ (రాయల్ ఆర్టిలరీ) అనీ ఉంటే ఇద్దరివి కలిసిపోయాయని కంగారు పడొద్దు. స్టార్ మీద వేసింది అతను రణరంగంలో దిగిన నాటి హోదా. తర్వాత హోదా పెరిగితే అది మిగతా రెండింటి మీదికి వచ్చింది. ఫీల్డ్ ఆర్టిలరీ వాళ్లకు కూడా ఆ రెండింటి మీద సాధారణంగా ‘ఆర్.ఎ.’ అనే కొట్టారు. పేరు, సర్వీసు నంబరు సరిపోతున్నాయా అన్నదే చూడాలి. పాత పేరు అరగదీసి కొత్తది కొట్టిన పతకమైతే వ్యాసం 36 మి.మీ. కన్నా తగ్గుతుంది. కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలవండి. దయచేసి పాలిష్‌తో తోమకండి, అరిగిన అక్షరం మళ్లీ రాదు.

ఇక్కడ డ్రైవర్ అంటే ఫిరంగి లాగే గుర్రాలను నడిపేవాడు. 18 పౌండర్ రకం ఫిరంగిని ఆరు గుర్రాలు మూడు జతలుగా లాగేవి. జతకొక డ్రైవర్ ఎడమ గుర్రమెక్కి రెండింటినీ నడిపేవాడు.

సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌తో 1914లోనే ఫ్రాన్స్ చేరిన హార్స్ ఆర్టిలరీ (అశ్విక దళంతో పాటు సాగే ఫిరంగి దళం) ‘ఎన్’ బ్యాటరీ లాంటి వాటి విషయం వేరు. ఆ ఏడాది నవంబరు 22 అర్ధరాత్రిలోగా ఫ్రాన్స్, బెల్జియంలలో పనిచేసినవారికి 1914-15 స్టార్‌కి బదులు 1914 స్టార్ వచ్చింది. సరిహద్దు పోరాటాలకు వెళ్లకుండా ఇండియా కంటోన్మెంట్లలోనే ఉండిపోయిన గన్నర్‌కి (ఫిరంగి దళపు మామూలు సైనికుడికి) వెండి పతకం ఒక్కటే. అది ఒంటరిగా దొరికితే మిగతావి పోయాయని అనుకోనక్కర్లేదు.

అసలు చిక్కు బ్యాటరీ దగ్గర వస్తుంది. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న పతకాల ఇండెక్స్ కార్డులో, 1915 ఆఖరులోపు వెళ్లినవారికి యుద్ధరంగం పేరు, దిగిన తేదీ దొరుకుతాయి. బ్యాటరీ నంబరు మాత్రం మామూలుగా ఉండదు. అది ఉండాల్సిన సర్వీసు కాగితాల్లో సగానికి పైగా 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి.

అప్పుడు ఇరుగుపొరుగు నంబర్లు పట్టుకోండి. మీ సైనికుడి నంబరుకు ముందూ వెనకా పదేసి నంబర్లలో ఎవరి కాగితాలు మిగిలాయో వెతకండి. ఒకేరోజు చేరినవారిని తరచూ ఒకే బ్రిగేడ్‌కి (కొన్ని బ్యాటరీలు కలిసిన దళానికి) పంపేవారు. నంబరు ముందు ‘ఎల్’ ఉంటే యుద్ధం మొదలయ్యాక స్థానికంగా పోగుచేసిన కొత్త సైన్యపు బ్రిగేడ్ అని అర్థం, వెతుకులాట బాగా తగ్గుతుంది. అయినా ఇది ఊహే. ఫ్రాన్స్‌లో దిగిన తేదీ ఆ బ్రిగేడ్ తేదీతో కలిస్తేనే నమ్మండి. కలవకపోతే అతను తర్వాత మరొకరి స్థానంలో వెళ్లి ఉండవచ్చు.

బ్రిగేడ్ తేలాక దాని వార్ డైరీ (దళం రోజువారీగా రాసిన అధికారిక పుస్తకం) తెరవండి. మామూలు గన్నర్ పేరు అందులో అరుదు. ఫిరంగులు ఏ రోజు ఎక్కడ నిలిపారో మాత్రం ఉంటుంది.