ఒరలో ఉన్నప్పటి పిస్తోలు

శ్రోతలకు నమస్కారం.

పోలీసుకో సైనికుడికో ఉద్యోగంలో ఇచ్చే సర్వీసు పిస్తోలును వాడేవాడు ఎంచుకోడు. రిజిస్టరులో సంతకం పెట్టించుకొని చేతికిస్తారు. తుపాకులంటే మోజున్నవాడికీ అదే, ముట్టుకోవాలంటేనే జంకేవాడికీ అదే. పుచ్చుకున్నవాడు దాన్ని రోజూ నడుముకు మోస్తాడు, డ్యూటీ ముగిశాక తూటాలు తీసి అప్పగిస్తాడు, మర్నాడు మళ్ళీ తీసుకుంటాడు. శిక్షణ మైదానంలో తప్ప దాన్ని ఒక్కసారైనా పేల్చకుండానే పదవీ విరమణ చేసేవాళ్ళు ఎందరో. కాబట్టి ఇలాంటి పిస్తోలు గుణం ఒరలో ఉన్నప్పుడే తెలుస్తుందని నా వాదన. గురి సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

ఈ కొలతతో 1980వ దశకం నుంచి ఒక్క పిస్తోలును ఎంచుకుందాం. ఆ దశకమే ఎందుకంటే, పాత తరం సెలవు తీసుకుంటున్నదీ, కొత్త తరం తలుపు తడుతున్నదీ అప్పుడే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 కాలిబర్ పిస్తోలు (.45 అంగుళం మందం తూటా వాడేది) అప్పటికి 1911 నుంచి అమెరికా సైన్యంలో ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం అన్నీ చూసింది. దాని స్థానంలో నాటో దేశాలు వాడే 9 మిల్లీమీటర్ల తూటాకు సరిపోయే పిస్తోలు కావాలని పోటీ పెట్టారు. చివరి వడపోతలో నిలిచినవి రెండే: ఒకటి ఇటలీ బెరెట్టా 92, రెండోది స్విస్ సంస్థ సిగ్, జర్మనీకి చెందిన సావర్ కలిసి తెచ్చిన పి-226. పిస్తోలు ఒక్కదాని ధర చూస్తే సిగ్‌దే కాస్త తక్కువ. తూటాలు నింపే మ్యాగజైన్లూ విడిభాగాలూ కలిపి లెక్క కట్టేసరికి బెరెట్టా చవకగా తేలింది. 1985 జనవరిలో ఎం-9 అన్న పేరుతో సైన్యం దాన్ని ఎంచుకుంది. చూడటానికి అందమైన పిస్తోలే. అయితే కొన్నేళ్ళకే కొన్నింటిలో పైనుండే స్లైడు విరిగి వెనక్కి వచ్చి, పేల్చినవాళ్ళకే గాయాలయ్యాయి. తర్వాత విరిగినా వెనక్కి ఎగిరి రాకుండా రూపకల్పనలో మార్పు చేశారు.

ఇంకో ఇద్దరిని పలకరించి ముందుకు పోదాం. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, చెకొస్లొవాకియాలో పుట్టిన సీజెడ్-75 ఇంట గడప తొక్కకుండానే రచ్చ గెలిచింది. దాని తూటా పాశ్చాత్య దేశాలది, సొంత సైన్యమేమో సోవియట్ కూటమిది. మెచ్చుకున్నవాళ్ళంతా బయటివాళ్ళే. రెండోది పశ్చిమ జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ వారి పి-7. పిడి ముందు భాగాన్ని గట్టిగా పిండితే తప్ప అది పేలదు, పట్టు వదిలితే మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. ఇంత తెలివైన ఏర్పాటు మరో పిస్తోలులో నేను చూడలేదు. అయితే వెంట వెంట పేలిస్తే ట్రిగ్గర్ పైభాగం వేడెక్కి వేలికి చురుక్కుమంటుంది. చేయడమూ ఖరీదే.

అసలు పోటీదారు గ్లాక్-17. దాన్ని రూపొందించిన గాస్టన్ గ్లాక్ అంతకుముందు తుపాకీ చేసిన మనిషే కాదు. ఆయన సంస్థ కర్టెన్ల కడ్డీలు చేసేది, సైన్యానికి కత్తులు సరఫరా చేసేది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఆ పిస్తోలును తీసుకుంది. ప్లాస్టిక్ చట్రం, మ్యాగజైనులో 17 తూటాలు, తక్కువ బరువు. ఎక్స్‌రే యంత్రాలకు దొరకదని అమెరికాలో గగ్గోలు పుట్టింది. గొట్టమూ స్లైడూ ఉక్కువేనని ఎవరూ చెప్పలేదు కాబోలు! ప్రతిసారీ ట్రిగ్గర్ ఒకేలా నొక్కుడు పడుతుంది కాబట్టి నేర్పడం తేలిక. తర్కం ప్రకారం పోతే కిరీటం దీనికే పెట్టాలి.

నేను మాత్రం పి-226నే ఎంచుకుంటాను.

పాత .45 పిస్తోలు వెనక, తూటాను పేల్చేందుకు కొట్టే సుత్తి ఉంటుంది. పైకెత్తి ఉన్న దాన్ని దించాలంటే, లోపల తూటా ఉండగానే దాన్ని బొటనవేలితో పట్టి ట్రిగ్గర్ నొక్కి మెల్లగా జార్చాలి. వేలు జారిందా, పేలినట్టే. పి-226 పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే సుత్తి తనంతట తాను క్షేమంగా కిందికి దిగుతుంది. ట్రిగ్గర్ జోలికి వెళ్ళే పనే లేదు. ఆ తర్వాత మొదటి తూటాకు ట్రిగ్గర్‌ను చాలా దూరం, బలంగా లాగాలి. పొరపాటున పేలే అవకాశం బాగా తగ్గుతుంది. రెండో తూటా నుంచి లాగుడు తేలికవుతుంది. ఈ తేడా అలవాటు కావడానికి చాలా సాధన కావాలి. అది నిజంగా లోపమే, ఒప్పుకుంటాను.

అయినా ఒరలో పెట్టే క్షణం చూడండి. చొక్కా అంచో, తోలు మడతో ట్రిగ్గర్‌కు తగులుకుందనుకోండి. పి-226 సుత్తి మీద బొటనవేలు ఆనించి ఉంచితే, సుత్తి పైకి లేస్తున్నట్టు వేలికి తెలిసిపోతుంది, చేయి ఆగుతుంది. గ్లాక్‌కు సుత్తే లేదు, కబురు చెప్పే నాథుడు లేడు. శుభ్రం చేసే క్షణమూ అంతే. గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. గొట్టంలో తూటా ఉన్న సంగతి మరిచారా, నేలకో గోడకో చిల్లు. పి-226ను స్లైడు వెనక్కి లాగి నిలిపి, పక్కనున్న మీట తిప్పి విప్పుతారు. డ్యూటీ దిగిన అలసటలో మనిషి మరిచిపోతాడని ముందే ఎరిగిన పిస్తోలు అది.

ఈ కథకు ఒక కొసమెరుపు ఉంది. బెరెట్టా స్లైడ్ల గొడవ తర్వాత అమెరికా నౌకాదళపు సీల్ కమాండోలు పి-226నే తెప్పించుకున్నారు. 2017 జనవరిలో బెరెట్టాకు వీడ్కోలు చెప్పి సైన్యం కొత్త పిస్తోలును ఎంచుకున్నప్పుడు, గెలిచిన పేరు సిగ్ సావరే. ముప్పై రెండేళ్ళ కిందటి ఓటమి తీరిందని సంబరపడి ఆ పిస్తోలు బొమ్మ చూశాను. పిడి ప్లాస్టిక్‌ది. సుత్తి లేదు. సుత్తిని దించే ఆ చిన్న మీటా లేదు.