వారెన్ స్పాన్ కార్డు కొనే ముందు స్కేలు తీయండి

హాయ్ అండీ, నమస్కారం. ఇదిగో, టేబుల్ మీద ఉన్నవన్నీ ఒక్కాయన కార్డులే, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అచ్చేసేవి, మనలాంటి వాళ్లు దాచుకునేవి. వారెన్ స్పాన్, ఎడమచేతి పిచర్, అంటే బంతి విసిరేవాడు. మొత్తం 363 మ్యాచ్‌లు గెలిచాడు, ఎడమచేతి వాళ్లలో ఇంకెవరూ అంతదాకా రాలేదు. అదీ మధ్యలో మూడేళ్లు యుద్ధానికి వెళ్లొచ్చి! 1963లో, 42 ఏళ్ల వయసులో, ఒక మ్యాచ్ 16వ ఇన్నింగ్స్ దాకా తనే వేశాడు. మామూలుగా తొమ్మిదికి అయిపోయే ఆట అండీ ఇది. చివరికి అవతలి జట్టు విల్లీ మేస్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే 1-0తో ఓడిపోయాడు. సరే, ఆయన గురించి మొదలుపెడితే నేను ఆగను. కార్డుల్లోకి వద్దాం.

ముందు లిస్టు రాసుకోండి. నాది స్క్రీన్ మీద ఉంది చూడండి, 1948 బోమన్ నుంచి 1965 టాప్స్ దాకా. ఈ రెండూ కార్డులు అచ్చేసిన కంపెనీలు. పేరు, సంవత్సరం, కార్డు నంబరు, మూడూ అమ్మకాల సైట్‌లో కొట్టి వెతకండి. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి, అడిగే రేటు మనకెందుకు. లిస్టు పెట్టుకోడానికి యాప్‌లు చాలా ఉన్నాయి గానీ నాకు ఎక్సెల్లోనే సుఖం. నచ్చింది కొనండి, స్లీవ్‌లో, అంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేయండి, టాప్‌లోడర్‌లో, అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టండి. అయిపోయింది.

ఆగండి ఆగండి. టాప్‌లోడర్ దగ్గర కాస్త ఆగుదాం, నేను బోల్తా పడింది ఇక్కడే.

1952 టాప్స్, 33వ నంబరు, ఇది. చవగ్గా దొరికిందని ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చింది, మామూలు టాప్‌లోడర్‌లో చక్కగా పట్టేసింది. నేనేమో సంబరపడ్డాను. పట్టకూడదండీ! 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డులు పెద్దవి. ఇలా స్కేలు పెట్టండి... సుమారు 67 మిల్లీమీటర్లు, ఇటు 95. ఇప్పటి సైజు, 64కి 89, 1957లో వచ్చింది. మరి నాది ఎలా పట్టింది? 1983లో టాప్స్ వాళ్లే 1952 సెట్‌ను మళ్లీ అచ్చేశారు, ఇప్పటి సైజులో. వెనకాల రీప్రింట్ అని ఉంది కూడా. అమ్మినాయన ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టాడు, నేనూ వెనకవైపు అడగలేదు. కాబట్టి వెనక ఫొటో అడగండి, స్కేలు పక్కన పెట్టి తీయమనండి. మళ్లీ చెప్తున్నా, స్కేలు పక్కన పెట్టి. అసలు కార్డుకి కాస్త పెద్ద టాప్‌లోడర్లు విడిగా దొరుకుతాయి, అవి తీసుకోండి. మామూలు వాటిలో కుక్కారో, మూలలు పోతాయి.

వెనకవైపు అంటే గుర్తొచ్చింది. 1952 టాప్స్‌లో ఈ 33వ నంబరు కార్డు వెనకాల ఎర్ర అచ్చున్నదీ ఉంది, నల్ల అచ్చున్నదీ ఉంది, రెండూ అసలువే, కంగారు పడకండి. 1959 కార్డు వెనకాల ఆయన పుట్టిన సంవత్సరం కొన్నింటి మీద 1931 అని పడింది. ఆయన పుట్టింది 1921లో.

ఆ, ఇదొకటి. 1959దే, కానీ స్పాన్ కాదు, ఆయన టీమ్‌మేట్ లూ బర్డెట్. కుడిచేతి పిచర్. స్పాన్ గ్లోవ్ తొడుక్కుని ఎడమచేతి వాడిలా పోజిచ్చాడు, కంపెనీ వాళ్లు అలాగే అచ్చేసేశారు. పైగా లూ స్పెల్లింగూ తప్పే! ఇది నా ఆల్బంలో స్పాన్ పేజీలోనే ఉంటుంది. దగ్గరగా పెడతాను, చూడండి.