రెండు పట్టీల రహస్యం: ఇంట్లో యోథ్యావ్ తయారీ

సభలోని పెద్దలకు, వంట మీద మక్కువతో వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

చైనాలో ఉదయం పూట వేడి సోయా పాలలోనో, దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో అయితే బియ్యపు జావలోనో ముంచుకొని తినే పొడవాటి మైదా వంటకం యోథ్యావ్. సింగపూర్, మలేషియాలలో స్థిరపడిన మనవాళ్ళకు ఇది యూ చార్ క్వే అనే పేరుతో తెలిసినదే. దీన్ని ఎక్కడ చూసినా రెండు పిండి పట్టీలను జతచేసే వేయిస్తారు. ఎందుకని అడిగితే ఒక కథ చెబుతారు: దక్షిణ సోంగ్ రాజ్యపు సేనాని యువె ఫెయ్‌ని 1142లో చంపించిన మంత్రి చిన్ హ్వెయ్ మీద, అతని భార్య మీద కసితో జనం ఆ ఇద్దరి బొమ్మలను పిండితో చేసి, జంటగా నూనెలో వేయించారట. హాంగ్‌ఝౌలో యువె ఫెయ్ సమాధి ఎదుట ఆ దంపతుల లోహ విగ్రహాలు ఈనాటికీ మోకరిల్లి ఉన్నాయి కనుక కథకు బలం ఎక్కువే. అయితే ఒంటి పట్టీని వేయించి చూస్తే అసలు కారణం మూకుడులోనే కనబడుతుంది.

కాగిన నూనె తగలగానే పిండి పైభాగం గట్టిపడి పెంకు కడుతుంది. ఆ తరువాత లోపల పుట్టే ఆవిరికి గానీ వాయువుకు గానీ దాన్ని ఉబ్బించే వీలుండదు. రెండు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి నడుమ నొక్కినప్పుడు, అవి కలిసిన చోట నూనె నేరుగా తగలదు కనుక అక్కడి పిండి మరికాసేపు తడిగా, సాగే గుణంతో ఉంటుంది. ఆ చోటు నుంచే రెండూ విచ్చుకుంటూ లావెక్కుతాయి.

పాత పద్ధతిలో పిండిని పొంగించేవి పటిక, సోడా, ఉప్పు. పటిక ఆమ్లగుణం సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. కరకరలాడే గుణానికి దానికి సాటి లేదని పాతకాలపు వంటవాళ్ళు అంటారు. చిక్కేమిటంటే, పటికలోని అల్యూమినియం వంటకంలోనే మిగిలిపోతుంది. ఆహార సంకలనాలపై అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో వారానికి శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములను పరిమితిగా పెట్టింది. చైనా ప్రమాణాలు కూడా వేయించిన పిండి వంటలలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదంటాయి. అంగడివాళ్ళ లెక్క ఎలా ఉన్నా, ఇంట్లో పటిక జోలికి పోనవసరమే లేదని నా అభిప్రాయం.

300 గ్రాముల మైదాకు అల్యూమినియం లేని బేకింగ్ పౌడర్ 6 గ్రాములు, వంటసోడా 2 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, ఒక గుడ్డు, చెంచాడు నూనె చాలు. గుడ్డు తినని వారు దాని బదులు పాలు పోసుకోవచ్చు. నీళ్ళు దాదాపు 130 మిల్లీలీటర్లు పడతాయి గానీ, మన మైదా అన్నీ ఒకేలా పీల్చవు కనుక కొద్దికొద్దిగా పోస్తూ, చపాతీ పిండికన్నా బాగా మెత్తగా కలపాలి. ఇక్కడి నుంచి ఓపికే అసలు పని. పిండికి నూనె రాసి, గాలి తగలకుండా చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున తీసి చల్లదనం పూర్తిగా పోయేదాకా వదిలేయాలి. మళ్ళీ పిసికితే బిగుసుకుపోయి, సాగదీయబోతే వెనక్కి లాగుతుంది.

ఆ పిండిని సెంటీమీటరుకు కాస్త తక్కువ మందాన, పది సెంటీమీటర్ల వెడల్పున ఒత్తి, రెండేసి సెంటీమీటర్ల పట్టీలుగా కోయండి. ఒక పట్టీ మధ్య తడి గీత గీసి, రెండోది దానిపై పెట్టి, సన్నని పుల్లతో నిలువునా నొక్కండి. కోసిన అంచులు మాత్రం అతుక్కోకూడదు. పొడిపిండి అతిగా చల్లితే నడుమ కూడా అతుక్కోదు. కొసలు పట్టుకొని రెట్టింపు పొడవుకు సాగదీసి, 190 నుంచి 200 డిగ్రీల వేడి ఉన్న నూనెలోకి జారవిడవండి. చిన్న ముక్క వేయగానే పైకి తేలితే ఆ వేడి వచ్చినట్టే. తేలిన క్షణం నుంచి ఆపకుండా తిప్పుతూ ఉండాలి, లేకుంటే ఒకవైపు ముందే పెంకు కట్టి వంకర తిరుగుతుంది.

దించినవి వెంటనే తినాలి. చల్లారితే మెత్తబడి సాగుతాయి. మిగిలిన వాటిని ఓవెన్‌లో కొద్ది నిమిషాలు వేడిచేస్తే కరకర చాలావరకు తిరిగి వస్తుంది; అప్పుడు షాంఘైలో చేసినట్టు జిగురు బియ్యపు అన్నంలో పొదిగి, ముద్దలా చుట్టి తినవచ్చు.