చైనాలో 1200 ఏళ్ల నాటి బౌద్ధాలయాలను ఎలా చూడాలి: షాన్‌షీ ప్రావిన్స్‌లో ఒక రోజు

నమస్కారం. చైనా టూర్ అనగానే మనవాళ్ల లిస్టులో గ్రేట్ వాల్, షాంఘై, టెర్రకోట సైన్యం ఉంటాయి. బౌద్ధాలయాలు కూడా చూడాలనుకునేవాళ్లు పెద్ద ఊళ్లలోని గుళ్లకు వెళ్తారు. అవీ బాగుంటాయి. కాకపోతే అక్కడ మనకు కనిపించే హాళ్లు చాలావరకు గత కొన్ని వందల ఏళ్లలో కట్టినవో, తిరగకట్టినవో. టాంగ్ వంశ కాలం (618–907) నాటి కొయ్య, ఆ కాలం నాటి మట్టి విగ్రహాలు అవే చోట నిలిచి ఉండగా చూడాలంటే షాన్‌షీ ప్రావిన్స్‌కే వెళ్లాలి. ఈ వీడియోలో రెండు గుళ్లు చూద్దాం. పొద్దున నాన్‌చాన్, మధ్యాహ్నం ఫోగ్వాంగ్. ఎలా వెళ్లాలి, లోపల దేన్ని ముందు చూడాలి, దేన్ని తర్వాత చూడాలి అన్నది చెప్తాను.

[తెరపై: చైనా మ్యాప్. బీజింగ్, థాయ్‌యువాన్, వూథాయ్ కొండలు]

ముందు ఒక జాగ్రత్త. షియాన్ నగరం ఉన్న పక్క ప్రావిన్స్ పేరు కూడా పలకడానికి షాన్‌షీయే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రెండు 'ఎ'లు ఉంటే అది షియాన్ వైపు. మనకు కావలసింది ఒక్క 'ఎ' ఉన్నది, రాజధాని థాయ్‌యువాన్. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఇది చూసుకోండి.

బీజింగ్ నుంచి థాయ్‌యువాన్‌కు హైస్పీడ్ రైల్లో సుమారు మూడు గంటలు. టికెట్ పాస్‌పోర్ట్ మీదే ఇస్తారు, కాబట్టి పాస్‌పోర్ట్ ఎప్పుడూ చేతిలో ఉండాలి. అక్కడ యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. బయల్దేరే ముందే ఫోన్‌లో అలీపే వేసుకుని వీసా కార్డో మాస్టర్‌కార్డో లింక్ చేసుకోండి. పల్లెల్లో అవసరానికి కొంచెం నగదు కూడా ఉంచుకోండి. అక్కడి సిమ్ వేసుకుంటే గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ పనిచేయవు. ఇక్కడి నుంచే ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే మామూలుగా నడుస్తాయి.

ఈ రెండు గుళ్లూ వూథాయ్ కౌంటీలోనే ఉన్నాయి, కానీ పల్లెల్లో, ఒకదానికొకటి దూరంగా. బస్సులు మారుతూ రెండింటినీ ఒకే రోజు చూడటం కష్టం. థాయ్‌యువాన్‌లో రోజంతటికీ కారు మాట్లాడుకోండి. డ్రైవర్‌తో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 'వూథాయ్ కొండలు' అంటే వాళ్లు నేరుగా థాయ్‌హువాయ్ అనే ఊరికి తీసుకెళ్తారు. యాత్రికులు వెళ్లే పెద్ద గుళ్లు, తెల్లని పెద్ద స్తూపం అక్కడే ఉన్నాయి. మన గుళ్లు అక్కడ లేవు. రెండు గుళ్ల పేర్లూ చైనా లిపిలో ఇప్పుడు స్క్రీన్ మీద వస్తున్నాయి, స్క్రీన్‌షాట్ తీసుకుని డ్రైవర్‌కు చూపించండి. ముందు రోజు హోటల్ రిసెప్షన్ వాళ్ల చేత ఫోన్ చేయించి, గుడి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

[తెరపై: నాన్‌చాన్ గుడి ముందుభాగం]

ఇది నాన్‌చాన్. మొదటి చూపులో 'ఇంతేనా' అనిపిస్తుంది, ఎందుకంటే చాలా చిన్నది. ముందు నుంచి చూస్తే మూడే అంకణాలు. కానీ దూలం మీద సిరాతో రాసి ఉన్న సంవత్సరం 782. చైనాలో ఇప్పటిదాకా నిలిచి ఉన్న కొయ్య కట్టడాల్లో తేదీ తెలిసిన వాటన్నిటికన్నా పాతది ఇదే.

ఇది ఎలా మిగిలిందో తెలిస్తే దీన్ని చూసే చూపే మారిపోతుంది. 845లో వూజోంగ్ చక్రవర్తి బౌద్ధం మీద విరుచుకుపడ్డాడు. 4600కు పైగా మఠాలను కూలగొట్టించాడు, రెండు లక్షల అరవై వేల మంది భిక్షువులను, భిక్షుణులను మళ్లీ మామూలు జనంలోకి తోలేశాడు. విగ్రహాల కంచు కరిగించి నాణేలు పోశారు. వూథాయ్ కొండల్లో ఉన్న పేరున్న మఠాలకూ ఆ దెబ్బ తప్పలేదు. ఈ ఊరి గుడి మాత్రం ఎవరి కంటా పడలేదు. తర్వాత కూడా వెయ్యేళ్లకు పైగా దీని గురించి బయట ఎవరికీ తెలీదు. 1953లో సర్వే చేస్తున్నవాళ్లు వచ్చి దూలం మీది తేదీ చదివాకే ఇది లోకానికి తెలిసింది. తలుపులు, కిటికీలు, చూరు మాత్రం 1970ల్లో జరిగిన మరమ్మతులప్పుడు టాంగ్ పద్ధతిలో మళ్లీ చేసినవి. ఏది పాతదో, ఏది మరమ్మతో తెలుసుకుని చూడటం మంచిది.

లోపలికి వెళ్లగానే గమనించండి: హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. కప్పు బరువంతా చుట్టూ ఉన్న స్తంభాల మీదే. అందుకే గుమ్మంలో నిలబడితే వేదిక మీది విగ్రహాలన్నీ ఏ అడ్డూ లేకుండా ఒక్కసారే కనిపిస్తాయి. మధ్యలో శాక్యముని, ఒక పక్క సింహం మీద మంజుశ్రీ, ఇంకో పక్క ఏనుగు మీద సమంతభద్రుడు, ఇద్దరూ బోధిసత్వులు. మొదట 17 విగ్రహాలు ఉండేవి, 1999లో దొంగలు పడి కొన్నింటిని ఎత్తుకెళ్లారు. ఇప్పుడు కాపలా వాళ్లు మీ పక్కనే నిలబడి ఉంటే ఇబ్బంది పడకండి. వాళ్లు కాపాడుతున్నది మామూలు ఆస్తి కాదు.

ఇక్కడ ఒక అరగంటో ముప్పావు గంటో చాలు. అసలు సమయం ఫోగ్వాంగ్‌కు ఉంచుకుందాం.

[తెరపై: ఫోగ్వాంగ్ గుడి, కింది ప్రాంగణం నుంచి]

ఫోగ్వాంగ్‌కు మధ్యాహ్నం వెళ్లమనడానికి కారణం ఉంది. చైనాలో పెద్ద గుళ్లు ఎక్కువగా దక్షిణం చూస్తాయి. ఫోగ్వాంగ్ గుడి కొండ వాలును ఆనుకుని పడమటి ముఖంగా ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ ఎండ నేరుగా తలుపుల్లోంచి విగ్రహాల మీదికి వస్తుంది. పొద్దున వెళ్తే లోపలంతా చీకటిగా ఉంటుంది, టార్చ్ వేయనివ్వరు.

కింది ప్రాంగణంలో ఎడమ వైపున్న పొడవాటి హాలు మంజుశ్రీది, 1137లో కట్టింది. దాన్ని తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు. ముందు నిటారుగా ఉన్న మెట్లెక్కి పైకి రండి. ఎదురుగా ఉన్నదే తూర్పు హాలు, 857లో కట్టింది. 845లో ఇక్కడి పాత కట్టడాలు పోయాయి. పన్నెండేళ్లకు, నిషేధం తొలగాక, యువాన్‌చెంగ్ అనే భిక్షువు పూనుకుని దీన్ని లేపాడు.

పైకి రాగానే లోపలికి వెళ్లిపోకండి. తలెత్తి చూరు కింద చూడండి.

[తెరపై: చూరు కింది దోగోంగ్ దగ్గరి నుంచి]

స్తంభం పైన ఒక కొయ్య దిమ్మె, దాని మీద అడ్డంగా ఒక కొయ్య చేయి, దాని మీద మళ్లీ దిమ్మెలు, మళ్లీ చేతులు... ఇలా వరస మీద వరస బయటికి జరుగుతూ పోతాయి. దీన్నే దోగోంగ్ అంటారు. ఒక కొయ్యలో తొలిచిన గాడిలోకి ఇంకో కొయ్యను దించి బిగిస్తారు. ఈ హాల్లో దోగోంగ్ ఎత్తు స్తంభం ఎత్తులో దాదాపు సగం ఉంటుంది. దాని బలంతోనే చూరు స్తంభాలను దాటి దాదాపు 4 మీటర్లు బయటికొచ్చింది. వాన పడ్డా, మంచు కురిసినా స్తంభాలు తడవవు. తర్వాతి కాలపు గుళ్లలో ఈ దిమ్మెలు చిన్నవై, సంఖ్యలో పెరిగి, అలంకారంలా మారిపోయాయి. మీరు బీజింగ్‌లో ఫర్బిడెన్ సిటీ చూసి ఉంటే అక్కడి చూరుతో పోల్చుకోండి, తేడా వెంటనే తెలుస్తుంది. పాత గుడిని గుర్తుపట్టడానికి నేను చెప్పగలిగిన సులువైన పద్ధతి ఇదే: దోగోంగ్ ఎంత పెద్దదిగా, ఎంత తక్కువగా ఉంటే కట్టడం అంత పాతదై ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఈ హాలు వయసు ఎలా బయటపడిందో చెప్పాలి, ఎందుకంటే లోపల మీరు చూడాల్సిన వాటిలో ఒకటి ఆ కథలోనే ఉంది. చైనాలో టాంగ్ కాలపు కొయ్య కట్టడం ఒక్కటీ మిగల్లేదని జపాన్ పండితులు తేల్చేసిన రోజులవి. లియాంగ్ సచెంగ్, లిన్ హుయీన్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ వాస్తుశిల్ప చరిత్రకారులు, ఆ మాట నమ్మలేదు. చాలా పడమట, ఎడారి అంచున ఉన్న దున్‌హువాంగ్‌లో మోగావ్ అనే బౌద్ధ గుహలున్నాయి, వాటిలో 61వ గుహ గోడ మీద వూథాయ్ కొండల పెద్ద చిత్రం ఉంది. అందులో ఫోగ్వాంగ్ గుడి పేరుతో సహా కనిపిస్తుంది. ఫొటోల్లో ఆ చిత్రాన్ని చూసి, 1937 వేసవిలో కంచర గాడిదల మీద కొండలెక్కి ఇక్కడికి వచ్చారు.

అటక మీదికి పాకి వెళ్తే గబ్బిలాలు, దుమ్ము, నల్లులు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని టార్చ్ వెలుతురులో కొలతలు తీశారు. మన పాత ఇళ్లలో వెన్నుదూలం కింద నిట్టాడు ఉంటుంది కదా, ఇక్కడ అది లేదు. రెండు కొయ్యలు ఏటవాలుగా కలిసి వెన్నుదూలాన్ని మోస్తున్నాయి. అది టాంగ్ కాలపు పద్ధతి. కానీ తేదీ కావాలి. కింద నిలబడి చూస్తున్న లిన్ హుయీన్‌కు దూలం అడుగున సిరా అక్షరాల జాడ కనిపించింది. ఆమెది దూరపు చూపు. దూలం కడిగించాక ఒక పేరు తేలింది: 'శిష్యురాలు నింగ్ గోంగ్‌యూ', ఈ హాలు కట్టించిన దాత. హాలు ముందున్న రాతి స్తంభం మీద అదే పేరు, పక్కనే సంవత్సరం, మన లెక్కలో 857. ఆ తర్వాత కొద్ది రోజులకే చైనా-జపాన్ యుద్ధం మొదలైంది. ఆలస్యమై ఉంటే వాళ్లు ఇక్కడికి రాగలిగేవాళ్లు కాదు.

ఆ రాతి స్తంభం ఇప్పటికీ ముందే ఉంది. లోపలికి వెళ్లే ముందు దాని దగ్గర ఆగండి.

[తెరపై: తూర్పు హాలు గుమ్మం]

గుడిలో నడవడిక గురించి నాలుగు మాటలు. చెప్పులు విప్పక్కర్లేదు, అక్కడ ఆ ఆచారం లేదు. కానీ గడప మీద కాలు పెట్టకూడదు, దాటి అడుగేయాలి. విగ్రహాలను వేలితో చూపించకండి, చెయ్యి చాచి చూపించండి. దండం పెట్టుకోవాలంటే మన నమస్కారమే పెట్టొచ్చు. స్తూపం చుట్టూ తిరిగితే మన ప్రదక్షిణలాగే కుడివైపుగా తిరగాలి. లోపల ఫొటోలు సాధారణంగా ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఫ్లాష్ మాత్రం వేయొద్దు, రంగులకు అది చేటు.

ఇక విగ్రహాలు. వేదిక మీద వరసగా ముప్పైకి పైగా ఉన్నాయి. అన్నీ మట్టివే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూసి పెరిగిన కళ్లతో వెళ్తాం కాబట్టి మనకు ఇది కొత్త. లోపల కొయ్య చట్రం, దాని చుట్టూ గడ్డి కలిపిన ముతక మట్టి, పైన నారతో మెత్తగా కలిపిన సన్నని మట్టి, ఆఖర్న రంగు. చెక్కేటప్పుడు రాయిని తీసేస్తూ పోతారు, ఇక్కడ పొర మీద పొర చేరుస్తూ వచ్చారు. అందుకే బుగ్గల నిండుదనం, నడుము దగ్గర చిన్న ఒంపు, బట్ట మడతలు అంత మెత్తగా కుదిరాయి.

చాలామంది లోపలికి రాగానే నిరాశపడతారు, నాకు తెలుసు. రంగులు గాఢంగా, కొత్తగా ఉంటాయి. అవి తర్వాతి కాలంలో మళ్లీ వేసినవి. రంగును వదిలేసి ఆకారాన్ని చూడండి. ఒక బోధిసత్వుణ్ని ఎంచుకుని, ముందు నుంచి కాకుండా పక్క నుంచి చూడండి. బరువు ఏ కాలి మీద ఉందో, నడుము ఎటు ఒరిగిందో చూస్తే శిల్పి చెయ్యి తెలుస్తుంది. మధ్యలో ముగ్గురు బుద్ధులు: శాక్యముని, అమితాభుడు, కాళ్లు కిందికి వేలాడదీసి కూర్చున్న మైత్రేయుడు. చివర్లలో ఏనుగు మీద సమంతభద్రుడు, సింహం మీద మంజుశ్రీ. వాహనం చూస్తే పేరు తెలుస్తుంది, మన గుళ్లలో ఎలాగో అలాగే.

ఇప్పుడు వేదిక చివరికి, గోడ దగ్గరికి రండి. అక్కడ దేవతల కొలతల్లో లేని ఒక విగ్రహం ఉంది. మామూలు మనిషి పరిమాణం. నడివయసు స్త్రీ, కాళ్లు మడుచుకుని, చేతులు పొడుగు చేతుల జుబ్బాలోకి పెట్టుకుని కూర్చుంది. కిరీటం లేదు, ప్రభామండలం లేదు. ఆమే నింగ్ గోంగ్‌యూ. దూలం మీద పేరు దొరికాక లిన్ హుయీన్ ఈమె పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. ఆనాటి సామాన్య స్త్రీ ముఖం ఎలా ఉండేదో ఇంత దగ్గర నుంచి చూపించే విగ్రహాలు చాలా అరుదు. గైడ్‌లు సాధారణంగా పెద్ద బుద్ధుల దగ్గరే మాట్లాడి ముగిస్తారు. మీరు మాత్రం ఈమె ముందు ఐదు నిమిషాలు నిలబడండి.

బయటికొచ్చాక హాలు పక్కనున్న ఇటుకల గోపురాన్ని కూడా చూడండి, రెండంతస్తులది. ఈ హాలుకన్నా ముందుకాలపుది అది, 845 దెబ్బకు తట్టుకుని నిలిచింది.

[తెరపై: భోజనం, తర్వాతి ప్రయాణం]

భోజనం సంగతి. శాకాహారులకు ఈ పల్లెల్లో టెన్షన్ తప్పదు. 'వో చి సు' అంటే 'నేను శాకాహారం తింటాను' అని, కానీ వంటలో మాంసం పులుసు పోస్తారేమో అడిగి తెలుసుకోవాలి. థాయ్‌హువాయ్‌లాంటి యాత్రాస్థలాల్లో అయితే గుళ్ల దగ్గర శాకాహార భోజనశాలలు ఉంటాయి. ఈ రోజుకు మాత్రం పళ్లు, బిస్కెట్లు కారులో పెట్టుకోండి.

ఇంకో రెండు రోజులుంటే ఉత్తరాన దాతోంగ్ వెళ్లండి. అక్కడి యున్‌గాంగ్ గుహలు 460ల్లో మొదలయ్యాయి, రాతిలో తొలిచిన 51 వేల విగ్రహాలున్నాయి. దార్లో యింగ్ కౌంటీలో 1056 నాటి కొయ్య గోపురం ఉంది, ఎత్తు 67 మీటర్లు. పై అంతస్తులకు ఇప్పుడు ఎక్కనివ్వరు, కింది నుంచే చూడాలి. మీరు ఫోగ్వాంగ్‌లో దోగోంగ్ చూసి వచ్చి ఉంటారు కాబట్టి, అక్కడ అంతస్తుకో రకంగా మారే దోగోంగ్‌లను పోల్చుకోవడానికి ఒక గంట కూడా చాలదు.

దున్‌హువాంగ్ మాత్రం ఈ ట్రిప్‌లో కలపకండి. అది ఎడారి అంచున, చాలా పడమట ఉంది. మోగావ్ గుహలకు టికెట్లు ఆన్‌లైన్లో ముందే బుక్ చేసుకోవాలి, వేసవి సెలవుల్లో వెంటనే అయిపోతాయి. జనం ఊపిరి తేమకు గోడచిత్రాలు పాడవుతాయని రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు, గైడ్ తీసుకెళ్లిన కొద్ది గుహలే చూపిస్తారు. 61వ గుహ తెరిచి ఉందేమో అక్కడి గైడ్‌ను అడగండి. ఫోగ్వాంగ్ చూసి వెళ్లినవాళ్లు ఆ గోడ మీద ఈ గుడిని వెతుక్కోవచ్చు. దున్‌హువాంగ్ మీద విడిగా వీడియో చేస్తాను. టికెట్ బుకింగ్ పద్ధతి స్క్రీన్ మీద చూపిస్తూ అందులో చెప్తాను.