చెరువులో ఆ జిగురు ముద్ద గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పిక్నిక్ పెట్టినవాళ్ళకి, పులిహోర కలిపిన అమ్మలకి, నన్ను ఇంతదూరం లాక్కొచ్చిన మా అమ్మాయికి, అల్లుడిగారికి... సరే, ఐదు నిమిషాలే ఇచ్చారు కదా, విషయానికొస్తాను.

పోయిన శనివారం మన పిల్లలు ఈ వర్జీనియా చెరువులోంచి ఓ ముద్దని కర్రతో లాగి గట్టున పడేశారు. గ్రూపులో ఫొటో చూసి ఒకాయన ఏలియన్ గుడ్లన్నారు, ఇంకొకరు బ్లీచింగ్ పొయ్యమన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నవ్వకండి.

అది నాచు జంతువు, అంటే బోలెడు చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్న ముద్ద. శాస్త్రీయ నామం పెక్టినాటెల్లా మాగ్నిఫికా. ఫిలడెల్ఫియాలో ఉండే జోసెఫ్ లీడీ అనే శాస్త్రవేత్త 1851లోనే దీన్ని వర్ణించాడు. ఇది పుట్టింది ఈ తూర్పు అమెరికా నీళ్ళలోనే, మనమే తర్వాత వచ్చాం. తాటిముంజకి సీతాఫలం తొక్క తొడిగినట్టుంటుంది. లోపలి జిగురులో 99 శాతం నీళ్ళే, ప్రాణమంతా పైన ఆ నక్షత్రాల్లాంటి గుంపుల్లో ఉంది. ఆ గుంపుల్లో ఒక్కో జీవీ గుర్రపునాడా ఆకారంలో టెంటకిల్స్, అంటే మీసాల్లాంటి తీగలు, చాపి, సన్నటి నూగుతో నీళ్ళు కదిలించి, నాచు కణాలూ బాక్టీరియా లాక్కుని తింటుంది. మనల్ని కుట్టదు, కరవదు.

ఇక నా సంగతి. ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను. ఈ నాచు జంతువుల పాఠం, ఎక్టోప్రాక్టా, రాగానే "పరీక్షకి రాదు, వదిలెయ్యండి" అనేవాణ్ణి. ఏటా అదే మాట. ఓసారి ఒకమ్మాయి ఊరి చెరువులోంచి నానిన కొబ్బరిమట్ట ముక్క తెచ్చి, "సార్, దీనిమీద ఏదో కదులుతోంది" అంది. మైక్రోస్కోప్ బీరువా తాళం తియ్యడానికి బద్ధకమేసి "నాచేలేమ్మా" అన్నాను. నాగపూర్ చెరువుల్లో దొరికిన హిస్లోపియా అనే నాచు జంతువు గురించి కార్టర్ అనే శాస్త్రవేత్త 1858లోనే రాశాడండీ! ఆ మట్ట మీద ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ అమ్మాయి మళ్ళీ ఏదీ తేలేదు.

అయ్యో, టైమ్ అంటున్నారు. ఒక్క నిమిషం. చలి మొదలైతే ఈ ముద్ద చితికిపోతుంది, కానీ మిల్లీమీటరంత బిళ్ళలు వదిలిపోతుంది, చుట్టూ కొక్కేలు, మన పల్లేరుకాయలాగే. స్టాటోబ్లాస్టులంటారు. చలికాలమంతా ఓర్చుకుని, నీళ్ళు వెచ్చబడ్డాక మొలుస్తాయి. ఇవి ఎలాగో యూరప్ చేరాయి, జపాన్ చేరాయి, అక్కడ పైపుల్లో అడ్డంపడి తిట్లు తింటున్నాయి, అది వేరే కథ.

భోజనాలయ్యాక చెక్కవంతెన దగ్గరికి రండి, నీళ్ళలోని కొమ్మకి ఇంకోటి ఉంది, నేను పొద్దున్నే చూసొచ్చాను, భూతద్దం నా దగ్గరుంది. బాబూ, ఆ కర్ర మాత్రం ఇలా ఇచ్చెయ్.