తుపాకీ ధర, తూటా లెక్క

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం రక్షణ వ్యయంపై జరిగిన చర్చా సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులిద్దరికీ, ఈ ఉక్కపోతలో వచ్చి ఓపికగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

మొదటి వక్త దేశరక్షణ దగ్గర లెక్కలు అడగకూడదన్నారు. రెండో వక్త ఒక్క యుద్ధ విమానం ధరకు ఎన్ని బడులు కట్టవచ్చో లెక్క వేసి చూపించారు. ఇద్దరికీ చప్పట్లు బాగానే పడ్డాయి. ఇద్దరికీ కొట్టినవాళ్లు కూడా ఉన్నారు, చూశాను. నేను సైనికుణ్ని కాను, అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. కాబట్టి నాకు తెలిసిన పనే చేస్తాను. పద్దు పుస్తకం తెరుస్తాను.

2025-26 బడ్జెట్‌లో కేంద్రం రక్షణ శాఖకు ఇచ్చింది 6,81,210 కోట్ల రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్లు. రెండు ఆంధ్రప్రదేశ్‌లను ఏడాది పాటు నడిపినా ఇంకా ముప్పై ఆరు వేల కోట్లు మిగిలేంత సొమ్ము అది. కేంద్ర ఆరోగ్య శాఖకు దక్కింది లక్ష కోట్ల లోపే. అయితే ఈ చివరి పోలికను పట్టుకుని ఊగిపోకండి. ఆసుపత్రుల ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలది, సైన్యం ఖర్చు పూర్తిగా కేంద్రానిది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపడంలో కొంత అన్యాయం ఉంది.

మన పొరుగునే ఉన్న కొండవీడును 1515లో ముట్టడించి గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యంలో రాజనీతి చెబుతూ, ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి రెండు భాగాలు సేనకే పెట్టమన్నాడు. అంటే సగం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ వాటా 13 శాతం పైచిలుకు, స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 1.9 శాతం. రాయలవారి కొలతతో చూస్తే మనం పిసినారులం. కాని ఆయన ఊరూరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టనక్కరలేదు, ఐదేళ్లకోసారి ఓటు అడగనక్కరలేదు. అందుకే శాతాల మీద పోట్లాట నాకు పెద్దగా రుచించదు. రెండు శాతమా, మూడు శాతమా అని టీవీల్లో గొంతులు చించుకుంటారు. ఆ రూపాయి ఎక్కడికి పోతోందని మాత్రం ఎవరూ అడగరు.

ఎక్కడికి పోతోందో చూద్దాం. ఆ 6.81 లక్షల కోట్లలో 1,60,795 కోట్లు పెన్షన్లు. కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు వంటి మూలధన వ్యయానికి 1,80,000 కోట్లు. అంటే కొత్తగా కొనే సామగ్రికీ, విశ్రాంత సైనికుల పెన్షన్లకూ మధ్య తేడా ఇరవై వేల కోట్లు కూడా లేదు. జీతాలు, పెన్షన్లు కలిపితే మొత్తంలో సుమారు సగం. ఇది తెలిసిన మరుక్షణం కొందరు పెన్షన్ల మీద పడతారు. నేను పడను. ఆ పెన్షనుతో పిల్లలను ఇంజనీరింగు చదివించుకున్న మాజీ సైనికులు మన ప్రతి మండలంలోనూ ఉన్నారు. 2022లో తెచ్చిన అగ్నిపథ్ పథకం నాలుగేళ్ల తర్వాత నాలుగో వంతు మందినే ఉంచుకుని మిగతావారిని ఇంటికి పంపుతుంది. దానివల్ల పెన్షను భారం తగ్గేది ఇప్పుడు కాదు, దశాబ్దాల తర్వాత. ఈలోగా చేయితిరిగిన సైనికుణ్ని నాలుగేళ్లకే వదులుకోవడం పొదుపు అవుతుందా అన్నది నా అనుమానం.

నా అసలు వాదన వేరే ఉంది. మన రక్షణ ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా అచ్చు కాదు. ఆ పద్దు పేరు ఆలస్యం.

బోఫోర్స్ కథ మీ అందరికీ తెలుసు, కాని సగమే తెలుసు. 1986 మార్చిలో స్వీడన్ కంపెనీ బోఫోర్స్‌తో 410 శతఘ్నులకు 1,437 కోట్లతో ఒప్పందం జరిగింది. మరుసటి ఏడాది 64 కోట్ల ముడుపుల ఆరోపణ బయటపడింది, 1989లో ప్రభుత్వమే పోయింది. తప్పు చేసినవారిని నిలదీయడం సబబే. ఆ తర్వాత జరిగినదే మిగతా సగం. పెద్ద ఫిరంగుల కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టడానికి ఢిల్లీలో ఎవరికీ చేయి రాలేదు. టెండర్లు పిలవడం, రద్దు చేయడం, మళ్లీ పిలవడం. మధ్యలో 1999లో కార్గిల్ వచ్చింది. మన శతఘ్ని దళం రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించింది. కొండకొమ్మున దాగిన శత్రువును దించింది ఆ అప్రతిష్ఠపాలైన బోఫోర్స్ ఫిరంగులే. అప్పటికైనా కళ్లు తెరిచామా? విదేశం నుంచి కొత్త శతఘ్నులు సైన్యం చేతికి వచ్చింది 2018 నవంబరులో. ముప్పై ఏళ్లు! ఇంకో విడ్డూరం చెబుతాను. ఆ ఫిరంగిని ఇక్కడే తయారు చేసుకోవడానికి కావలసిన సాంకేతిక పత్రాలు మొదటి ఒప్పందంతోనే మనకు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి బీరువాల్లో మగ్గాక, వాటి ఆధారంగానే జబల్పూరులో ధనుష్ ఫిరంగి తయారైంది. 64 కోట్ల అవినీతికి దేశం చెల్లించిన అసలు మూల్యం ఈ ముప్పై ఏళ్లు. దాన్ని కోట్లలో కొలిచిన ఆడిట్ నివేదిక ఏదీ నా కంటపడలేదు.

విమానాల కథా అంతే. 126 యుద్ధ విమానాలకు 2007లో టెండరు పిలిచాం. ఎనిమిదేళ్లు పరీక్షలు, బేరాలు. 2015లో ఆ ఆలోచన పక్కన పెట్టి, 2016లో 36 రఫేల్‌లు సుమారు 59,000 కోట్లకు కొన్నాం. సొంత యుద్ధ విమానం తేజస్‌కు ప్రభుత్వ అనుమతి 1983లో వచ్చింది, మొదటిసారి ఎగిరింది 2001 జనవరిలో, స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. ఇప్పటికీ దాని ఇంజన్ అమెరికా నుంచి రావాలి. 2021లో ఆర్డరు పెట్టిన 83 విమానాలు ఆలస్యం కావడానికి ఆ ఇంజన్లు సమయానికి రాకపోవడం ఒక ముఖ్య కారణం. ఈలోగా 1963 నుంచి ఎగురుతున్న మిగ్-21లు 2025 సెప్టెంబరులో సెలవు తీసుకున్నాయి. వైమానిక దళానికి ఉండవలసిన స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు, 42; అప్పటికి మిగిలినవి 29.

ఇక్కడ రెండో వక్తతో చిన్న పేచీ. 2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి 26 రఫేల్‌లు సుమారు 63,000 కోట్లకు కొన్నారు, దాన్ని 26తో భాగించి ‘ఒక్క విమానం ఇంత’ అన్నారు. ఆ సొమ్ములో శిక్షణ, ఆయుధాలు, సిమ్యులేటర్లు, కొన్నేళ్ల నిర్వహణ అన్నీ ఉన్నాయి. ఇలాంటి లెక్కకు పేరు తెచ్చింది శాంతికాముకుడు కాదు, సైన్యాధిపతిగా పనిచేసిన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్. ఒక్క భారీ బాంబర్ ఖర్చుతో ముప్పైకి పైగా పట్టణాల్లో ఇటుకలతో బడి కట్టవచ్చని 1953లో అన్నాడు. గొప్ప మాట. కాని అక్కడ ఆగిన రూపాయి నేరుగా బడికి నడుచుకుంటూ రాదు. మనకు 1962 చైనా యుద్ధపు అనుభవం ఉంది. అంతకుముందు సైన్యం మీద మిగిల్చిన డబ్బు ఏ బడిగా మారిందో నాకు తెలియదు గాని, ఓటమి తర్వాత రెండేళ్లలోనే రక్షణ వ్యయం రెట్టింపు దాటింది. భయంతో కొన్నప్పుడు బేరం ఆడలేం.

మొదటి వక్తతో పేచీ పెద్దది. లెక్క అడగకపోతే ఏమవుతుందో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2017లో చెప్పింది. సైన్యం వాడే మందుగుండు రకాల్లో 40 శాతం, పది రోజుల యుద్ధానికి కూడా చాలని స్థితిలో ఉన్నాయని ఆ నివేదిక తేల్చింది. సంతలో ఒంగోలు గిత్తలను కొని గడ్డికి డబ్బు ఉంచుకోని రైతును మనం ఏమంటాం? ఓడ జలప్రవేశానికి ప్రధానమంత్రి వస్తారు, ఫొటోలు వస్తాయి. తూటాల గోదాము నిండిందని ఎవరూ రిబ్బను కత్తిరించరు. కాబట్టి కోత పడేది ఎప్పుడూ గోదాము మీదే. కాగ్ ఆ మాట అనడం దేశద్రోహమా, దేశసేవా?

ఉచితంగా వచ్చినదాని సంగతి కూడా చెప్పుకోవాలి. గోర్ష్కోవ్ అనే పాత విమానవాహక నౌకను రష్యా మనకు ఊరికే ఇచ్చింది, మరమ్మతుకు మాత్రం డబ్బు అడిగింది. 2004లో 97 కోట్ల 40 లక్షల డాలర్లన్న ఆ మరమ్మతు చివరికి 235 కోట్ల డాలర్లయింది. 2013లో విక్రమాదిత్యగా మన చేతికి వచ్చింది. ఊరికే వచ్చిన ఓడ!

మరి విమానవాహక నౌకలు దండగేనా? అలా అనడానికి 1971 డిసెంబరు ఒప్పుకోదు. అప్పటి విక్రాంత్ బాయిలర్లు పగుళ్లతో ఉన్నాయి, వేగం లేదు. పాకిస్తాన్ తన దూరప్రయాణపు జలాంతర్గామి ఘాజీని ప్రత్యేకంగా దాని కోసమే బంగాళాఖాతానికి పంపింది. మనవాళ్లు విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, పాతబడిన రాజ్‌పుత్ అనే నౌకతో విశాఖ దగ్గర విక్రాంత్ పేరిట దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఘాజీ విశాఖ తీరానికి వచ్చి అక్కడే మునిగింది. రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, లోపలి పేలుడని వాళ్లు అంటారు. ఏదైనా, తర్వాత తూర్పు పాకిస్తాన్ ఓడరేవులపై దాడులు చేసింది ఆ కుంటి విక్రాంతే. శత్రువు తన విలువైన జలాంతర్గామిని ఎక్కడికి పంపాలో అదే నిర్ణయించింది. ఈ విలువను ఏ పద్దులో రాస్తారు? అదే సమయంలో ఆ ఎత్తుగడకు అయిన ఖర్చు ఒక ముసలి ఓడ, కాసిని వైర్‌లెస్ సందేశాలు.

ఈ రోజుల్లో ఈ లెక్క ఇంకా తలకిందులైంది. ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు కొన్ని వేల డాలర్ల డ్రోన్లు వదిలితే, అమెరికా నౌకలు ఒక్కొక్కటి ఇరవై లక్షల డాలర్ల క్షిపణితో వాటిని కూల్చాయి. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 చిన్న డ్రోన్లను లారీల్లో రష్యా లోపలికి తీసుకెళ్లి, వైమానిక స్థావరాల్లో నిలిపి ఉంచిన బాంబర్లను తగలబెట్టింది. అమెరికా జుమ్వాల్ట్ యుద్ధనౌకలు 32 కట్టాలనుకుని మూడింటితో ఆపింది. ధర అంత పెరిగిందన్నమాట. దాని ఫిరంగికి చేసిన ప్రత్యేక గుండు ఒక్కోటి ఎనిమిది లక్షల డాలర్లు దాటేసరికి ఆ గుండ్లనే రద్దు చేసుకుంది. కాల్చడానికి గుండు లేని ఫిరంగితో ఓడ మిగిలింది. డబ్బున్నవాడి తెలివితక్కువతనం మనదానికన్నా ఖరీదైనది, అంతే తేడా.

2025 మేలో సరిహద్దు మీదికి పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు మనవాళ్లు వాడినవాటిలో రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థలు ఉన్నాయి, మన ఆకాశ్ క్షిపణి ఉంది. వాటితోపాటు 1960ల నాటి ఎల్-70 తుపాకులు ఉన్నాయి. భారత్ ఎలక్ట్రానిక్స్ వాటికి కొత్త కళ్లు, కొత్త మెదడు అమర్చింది. పాత తుపాకి గుండు ధర క్షిపణి ధరలో పిసరంత. ఆ ఎల్-70 కూడా స్వీడన్ బోఫోర్స్ కంపెనీ రూపకల్పనే అని చెబితే మీరు నవ్వుతారు, కాని నిజం.

డ్రోను అంటే మన ఊరికి కొత్తేమీ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి అన్నం పొట్లాలు, నీళ్లు తెచ్చింది అవే. ఆ తర్వాతి నెలలో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు లేపి బొమ్మలు వేశారు. గుంటూరు వైపు మిర్చి చేలకు మందు కొడుతున్నాయి. బాగుంది. కాని వాటి మోటార్లు, బ్యాటరీలు, చిప్‌లు ఎక్కడివి? 2025 ఫిబ్రవరిలో సైన్యం 400 డ్రోన్ల ఒప్పందాలను చైనా భాగాలు ఉన్నాయన్న కారణంతో రద్దు చేసుకుంది. శత్రువు అమ్మిన మోటారుతో శత్రువు మీదికి వెళ్లలేం.

కాబట్టి నన్ను రూపాయి ఎక్కడ పెట్టాలని అడిగితే, కొంత మన ఇంటి దగ్గరే చూపిస్తాను. బందరులో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. చీకట్లో చూడగలిగిన జవాను ప్రాణాలతో తిరిగొస్తాడు. దానికి ఫొటోలు రావు, ఎవరూ పాటలు కట్టరు. అద్దంకి వైపున్న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే రన్‌వేగా కట్టి, 2022 డిసెంబరులోనూ 2024 మార్చిలోనూ వైమానిక దళం పరీక్షించింది. యుద్ధం రాని రోజుల్లో దాని మీద మన లారీలు తిరుగుతాయి. ఇంతకన్నా మంచి బేరం నాకు కనబడలేదు.

నాగాయలంక దగ్గర గుల్లలమోదలో సుమారు 1,460 కోట్లతో క్షిపణి పరీక్షా కేంద్రం రాబోతోంది. దేశానికి అవసరమే. పరీక్ష రోజున పడవ తీయవద్దంటే దివిసీమ మత్స్యకారుడికి ఆ రోజు కూలి ఎవరిస్తారు, ఎన్నాళ్లకు ఇస్తారు? ఇది కూడా రక్షణ ఖర్చే. దీన్ని మొదటి రోజునే పద్దులో రాయాలి, ఆందోళన జరిగాక కాదు.

ఇవన్నీ అడగవలసిన చోటు ఈ హాలు కాదు, లోక్‌సభ. 2018లోనూ 2023లోనూ అక్కడ ఒక్క శాఖ పద్దు మీదా చర్చ జరగలేదు. 2023 మార్చి 23న గొడవ మధ్యే సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్‌ను గిలెటిన్ పద్ధతిలో, అంటే చర్చ లేకుండా అన్నీ కలిపి ఓటుకు పెట్టి, నిమిషాల్లో ఆమోదించారు. రక్షణ పద్దు కూడా అందులోనే పోయింది. అందుకని మూడు ప్రశ్నలు రాసి తెచ్చాను. మందుగుండు నిల్వలు ఇప్పుడు ఎన్ని రోజులకు చాలుతాయి? బహిరంగంగా చెప్పలేకపోతే పార్లమెంటు స్థాయీ సంఘానికైనా చెప్పారా? 83 తేజస్‌లలో ఎన్ని వచ్చాయి, ఆలస్యానికి జరిమానా ఎవరు కట్టారు? సైన్యం కొనే డ్రోన్లలో చైనా భాగం లేదని తేల్చేది ఎవరు? విజయవాడ, గుంటూరు, బాపట్ల, మచిలీపట్నం ఎంపీలకు నాలుగు ప్రతులు తీశాను. కాగితం అధ్యక్షులవారి బల్ల మీద ఉంది. సంతకం పెట్టదలచినవారు వెళ్లేటప్పుడు పెట్టండి. ప్రశ్న తప్పనిపిస్తే కొట్టివేసి సరైనది రాయండి, దానికీ చోటు వదిలాను.